ఐఫోన్ 17 చాలా, ప్రో కావాలా? చెరువు గట్టు మీద తిరిగేవాళ్లకి నా జవాబు

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. చేతిలో ఉన్నది ఐఫోన్ 12, 64 జీబీది. స్టోరేజ్ నిండిపోయింది, బ్యాటరీ హెల్త్ 76కి పడిపోయింది, మధ్యాహ్నం అన్నం వేళకే చార్జర్ వెతుక్కోవాల్సి వస్తోంది. మొగల్తూరు వైపు రొయ్యల చెరువులు చూసుకుంటారు, సంక్రాంతికీ తీర్థాలకీ వీడియోలు తీసి ఇన్‌స్టాలో పెడతారు, పాత ఫోన్ నాన్నగారికి ఇద్దామనుకుంటున్నారు. 17 తీసుకోవాలా 17 ప్రో తీసుకోవాలా అని అడిగారు, షాపులో కుర్రాడు మాత్రం "నెలకి రెండు వేలే తేడా అండి, ప్రోకి వెళ్లిపోండి" అన్నాడు.

17 తీసుకోండి. ఇక్కడితో చదవడం ఆపేసి వెళ్లి కొనుక్కున్నా పర్వాలేదు. ఎందుకో తెలుసుకోవాలనుంటే మిగతాది చదవండి, కొంచెం పొడుగే. నేను కోనసీమలో చాలా ఏళ్లుగా ఫోన్లు అమ్ముతున్నాను, బాగుచేస్తున్నాను. అమ్మేవాడికి ప్రో అమ్మితేనే లాభం ఎక్కువ, కాబట్టి అమ్మకందారు నోటి నుంచి వచ్చినా ఈ మాట నమ్మొచ్చు.

ముందు లెక్క. 2025 సెప్టెంబరులో విడుదలైనప్పుడు మన దేశంలో 17 ధర 82,900 రూపాయలు, 17 ప్రో ధర 1,34,900. రెండూ 256 జీబీ నుంచే మొదలు. ఆఫర్లను బట్టి అటూ ఇటూ అవుతుంది గాని తేడా 52,000 అనుకోండి. ఈ యాభై రెండు వేలకి మీకు అదనంగా ఏం వస్తోంది, అందులో మీరు వారంలో ఒక్కసారైనా వాడేది ఏది? నా దగ్గరికి వచ్చేవాళ్లందరినీ నేను అడిగేది ఇదే. "ప్రో మంచిదేనా అండి" అని అడిగితే మంచిదే, లక్షా ముప్పై ఐదు వేలు పెట్టాక మంచిది కాకపోతే ఎలా?

నిజం చెప్పాలంటే రెండేళ్ల క్రితం అడిగి ఉంటే నా జవాబు ఇంత సూటిగా ఉండేది కాదు. ఐఫోన్ 15 అయినా 16 అయినా మామూలు మోడల్‌లో స్క్రీన్ 60 హెర్ట్జ్ దగ్గరే, అంటే బొమ్మ సెకనుకి 60 సార్లు మారేలా, ఆపేశారు. పాతికవేల ఆండ్రాయిడ్‌లో 120 హెర్ట్జ్ వస్తుంటే ఎనభై వేలు తీసుకుని 60 ఇవ్వడం ఏమిటని నేనే కొనేవాళ్ల ముందు విసుక్కునేవాణ్ణి. స్క్రోల్ చేస్తుంటే తేడా కంటికి తెలిసిపోతుంది, అందుకే డబ్బున్నవాళ్లు ప్రోకి వెళ్లిపోయేవాళ్లు. 17తో ఆ గోల పోయింది. 120 హెర్ట్జ్ వచ్చింది, స్క్రీన్ ఎప్పుడూ వెలుగుతూ టైమ్ చూపించేది వచ్చింది, ఎండలో వెలుతురు గరిష్ఠంగా 3000 నిట్స్ (స్క్రీన్ వెలుతురు కొలత) వరకు వెళ్తుంది, స్క్రీన్ సైజు కూడా ప్రోతో సమానంగా 6.3 అంగుళాలు. మీ 12లో మామూలు వెలుతురు 625 నిట్స్ దగ్గర ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం గట్టు మీద నిలబడి, ఒక చేత్తో స్క్రీన్‌కి నీడ పట్టుకుని వాట్సాప్ చదువుకునే బాధ మీకు చెప్పక్కర్లేదు కదా, ఆ బాధ తీరడానికి 17 చాలు, ప్రోలో కూడా అదే 3000.

అయితే ప్రోలో మిగిలిన ప్రత్యేకత ఏమిటి? దూరానిది దగ్గరగా తీసే 4 రెట్ల జూమ్ కెమెరా, ఏ19 బదులు ఏ19 ప్రో చిప్, 8 జీబీ బదులు 12 జీబీ ర్యామ్, వేడిని పరిచి చల్లబరిచే వేపర్ చాంబర్, ఎడిటింగ్ చేసేవాళ్ల కోసం పెద్ద ఫైలుగా తీసే ప్రోరెస్ వీడియో, వేగంగా ఫైళ్లు లాగే యూఎస్‌బీ, బ్యాటరీ కాస్త ఎక్కువ. ఇంకా చిల్లర మల్లర ఉన్నాయి గాని డబ్బు వెళ్లేది వీటికే. వీటిలో మీ పనికి తగిలేవి చూద్దాం.

చెరువు పనితో మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఫోన్ ఎక్కువసేపు ఉండేది అక్కడే. మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే పైకి తీసి, రొయ్యని అరచేతిలో పెట్టుకుని, తల పెంకు మీద తెల్ల మచ్చలున్నాయా, పేగు నిండుగా ఉందా, పేగు తెల్లబడే వైట్ గట్ ఏమైనా కనపడుతోందా అని ఫోటో తీసి కన్సల్టెంట్‌కి పంపుతారు కదా. మీ 12తో ఆ ఫోటో తీస్తే రెండు అంగుళాల దగ్గరికి వెళ్లేసరికి మసక మసగ్గా వస్తుంది, అవతలాయన "ఇంకొకటి పంపండి" అంటాడు. కారణం 12లో దగ్గరి వస్తువుని తీసే మాక్రో లేదు. ఐఫోన్లలో అది మొదట 13 ప్రోకే ఇచ్చారు, మామూలు మోడల్‌కి రావడానికి 16 దాకా ఆగాల్సి వచ్చింది. 17లో ఉంది, పైగా ఆ పని చేసే అల్ట్రావైడ్ కెమెరా ఇప్పుడు 48 మెగాపిక్సెల్. ప్రోలోనూ అల్ట్రావైడ్ 48 మెగాపిక్సెలే. అంటే మీ రొయ్య ఫోటో విషయంలో రెండు ఫోన్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు, పెద్ద తేడా అంతా మీ 12కీ ఈ రెంటికీ మధ్యే ఉంది. ప్రోలో ఉన్న 4 రెట్ల జూమ్ లెన్స్ దూరపు వాటికి చేసింది, అరచేతిలో రొయ్యకి దానితో పని లేదు. ఒక మాట, ఫోటో ఎంత బాగా వచ్చినా తెల్లమచ్చ వైరస్ అనుమానం ఉంటే ల్యాబ్‌లో పీసీఆర్ పరీక్ష చేయించాల్సిందే. ఫోన్ కెమెరా చూసి మందులు చల్లేవాళ్లని చూశాను కాబట్టి చెప్తున్నాను.

ఇక నీళ్లు. "ప్రో అయితే నీళ్లలో పడినా ఏం కాదంట కదా" అని నన్ను ఎంతమంది అడుగుతారో లెక్కే లేదు. 17కీ 17 ప్రోకీ నీళ్లు, దుమ్ము తట్టుకునే రేటింగ్ ఒకటే, ఐపీ68. ఆరు మీటర్ల లోతులో అరగంట దాకా తట్టుకుంటుందని కంపెనీ చెప్తుంది. మీ 12కీ కాగితం మీద ఇదే ఉంది. కాని ఈ పరీక్ష ల్యాబ్‌లో, కదలని మంచినీళ్లలో, కొత్త ఫోన్ మీద చేస్తారు. మీ చెరువులో ఉన్నది ఉప్పునీరు, అందులో మేత, సున్నం, మినరల్స్, మందులు అన్నీ కలిసి ఉంటాయి. లోపల నీళ్లు ఆపే జిగురు సీలు కూడా ఏళ్లు గడిచేకొద్దీ, ఫోన్ కింద పడేకొద్దీ వదులవుతుంది. ఒకసారి డిస్‌ప్లే మార్పించి సీలు సరిగ్గా వేయించకపోతే ఇక ఐపీ68 అన్న మాట మర్చిపోవాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది, నీళ్ల వల్ల పాడైతే మామూలు వారంటీ వర్తించదు. లోపల నీటి గుర్తు రంగు మారిందంటే సర్వీస్ సెంటర్లో మాట్లాడటానికి ఏమీ ఉండదు.

మా బల్ల మీదికి చెరువుల వైపు నుంచి వచ్చే ఫోన్లలో చార్జింగ్ పోర్టు పచ్చగా చిలుము పట్టి ఉండటం మామూలు సంగతి. ఎక్కువ భాగం ఫోన్లు చెరువులో మునిగినవి కూడా కాదు, తడి చేత్తో, ఉప్పు చేత్తో పట్టుకుని, ఆ తడి ఆరకుండానే రాత్రి చార్జింగ్ పెట్టినవి. ఉప్పునీరు ఉన్న పోర్టులో కరెంటు పారితే పిన్నులు తినేస్తాయి, అది ప్రో అయినా ఒకటే. కాబట్టి ఉప్పునీళ్లలో పడిందనుకోండి, మంచినీళ్లతో పైపైన కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టి, గాలి తగిలేచోట పెట్టండి. బాగా ఆరేదాకా చార్జింగ్ వద్దు. బియ్యం డబ్బాలో పెట్టడం మన ఇళ్లల్లో అందరికీ తెలిసిన వైద్యం, అది మాత్రం చెయ్యకండి, నూక, తవుడు పోర్టులోకి వెళ్తుందని కంపెనీ కూడా వద్దనే చెప్తోంది, పైగా అది ఉప్పుని బయటికి లాగదు కదా. అసలు ఫోన్లు చెరువులో పడేది ఎలా అంటే, చొక్కా పై జేబులో పెట్టుకుని చెక్ ట్రే లాగడానికి వంగినప్పుడు. మెడలో వేసుకునే ప్లాస్టిక్ పౌచ్ ఒకటి కొనండి, దానికయ్యే వంద, రెండొందలు ప్రోకి పెట్టే యాభై రెండు వేలకంటే ఎక్కువ కాపాడుతుంది.

వేడి విషయంలో మాత్రం ప్రోకి కొంచెం మార్కులు ఇస్తాను. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడాలని యాపిల్ రాసుకుంది. రాజమండ్రిలో మే నెలలో 40 దాటడం మనకి వార్తే కాదు, మీవైపు సముద్రం గాలికి డిగ్రీలు కొంచెం తగ్గినా ఉక్కపోత తక్కువేం కాదు. ఎండలో ఫోన్ వేడెక్కితే అది తనని తాను కాపాడుకోవడానికి స్క్రీన్ వెలుతురు తగ్గిస్తుంది, చార్జింగ్ ఆపుతుంది, వీడియో తీస్తుంటే మధ్యలో ఆగినా ఆగొచ్చు. ప్రోలో వేపర్ చాంబర్, అల్యూమినియం బాడీ కలిసి చిప్ దగ్గర పుట్టిన వేడిని బాడీ అంతా పరుస్తాయి. పోయిన రెండు తరాల ప్రోల్లో టైటానియం వాడారు, అది వేడిని అంత బాగా లాగదు, ఈసారి అల్యూమినియానికి మారారు. అరగంట ఆగకుండా 4కె వీడియో తీసేవాళ్లకి, గంటలకొద్దీ గేములాడే పిల్లలకి ఈ తేడా తెలుస్తుంది. కాకపోతే చెరువు షెడ్డు మీద రేకుల వేడికి, బండి ట్యాంకు కవర్లో పెట్టిన ఫోన్‌కి బయటి నుంచి వచ్చే వేడిని ఏ చాంబరూ ఆపదు. బ్యాటరీ త్వరగా ముసలిదయ్యేది ఆ వేడికే. మీ 12 బ్యాటరీ 76కి రావడంలో ఆ బండి కవర్ పాత్ర ఎంతో నాకు అనుమానమే! ఐఫోన్ 14 దాకా బ్యాటరీ 500 సైకిళ్లకి (ఒక సైకిల్ అంటే మొత్తం మీద ఒక నిండు చార్జింగ్ వాడకం) 80 శాతం మిగిలేలా చేశామని, 15 నుంచి 1000 సైకిళ్లకి 80 శాతం ఉంటుందని యాపిల్ చెప్తుంది. అది కూడా మామూలు మోడల్‌కీ ప్రోకీ ఒకటే మాట.

జూమ్ గురించి. మీరు తీర్థాల వీడియోలు తీస్తానన్నారు కాబట్టి ఇది ఒక్కటే నిజంగా ఆలోచించాల్సిన విషయం. కనుమ రోజు కోనసీమ జగ్గన్నతోటలో ప్రభలు, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి భుజాల మీద మోసుకొచ్చేవి, కౌశిక పాయ దాటుతుంటే ఎంత జనం ఉంటారో మీకు తెలుసు, మీరు గట్టు మీద వెనక వరసలో ఉంటారు, ప్రభ అక్కడెక్కడో నీళ్లలో ఉంటుంది. 17తో 2 రెట్ల వరకు వివరం పోకుండా వస్తుంది, ఎందుకంటే 48 మెగాపిక్సెల్ సెన్సర్ మధ్య భాగాన్ని కత్తిరించి ఇస్తుంది. అంతకు మించి లాగితే ప్రభ మీది రంగు గుడ్డలు, నెమలి పింఛాలు అన్నీ కలిసిపోయి నీళ్ల రంగులు చల్లినట్టు అవుతాయి. ప్రోలో 4 రెట్లు అసలు లెన్స్‌తోనే వస్తుంది, 8 రెట్ల దాకా వాడుకోవచ్చు. కొల్లేరు దగ్గర ఆటపాకలో గూడబాతుల్ని (పెలికాన్ పక్షుల్ని) తీసేవాళ్లయినా, ఆత్రేయపురం కాలువలో పడవ పోటీలు ఒడ్డు నుంచి తీసేవాళ్లయినా, స్టేజి మీద పిల్లల డాన్సు వెనక కుర్చీలోంచి తీసే తల్లిదండ్రులైనా ఈ లెన్స్‌కి డబ్బు పెడితే నేను కాదనను.

మరి మీకెందుకు వద్దంటున్నానంటే, మీ ఫోన్ గ్యాలరీ తెరవండి. పోయిన సంవత్సరం తీసిన వాటిలో వేళ్లు పెట్టి లాగి జూమ్ చేసి తీసినవి ఎన్నో చూడండి. కొనడానికి వచ్చినవాళ్లచేత నేను షాపులోనే ఈ పని చేయిస్తాను. ఎక్కువమంది గ్యాలరీల్లో ఇంట్లోవాళ్లు, అన్నం ప్లేట్లు, చెరువు, బిల్లులు, బ్యాంక్ పాస్‌బుక్ ఫోటోలు ఉంటాయి, జూమ్ ఫోటోలు వెతకాలి. మీ గ్యాలరీలో అవే ఎక్కువ ఉంటే నా సలహా పక్కన పెట్టి ప్రో కొనుక్కోండి, నిజంగానే చెప్తున్నాను. ఏడాదికి ఒక కనుమ కోసం అయితే మాత్రం కాస్త ముందు వెళ్లి మొదటి వరసలో నిలబడటం చవక.

వీడియో గురించి ఇంకో రెండు మాటలు. ప్రోరెస్ అనే మాట యూట్యూబ్‌లో విని "అది కావాలి" అని వచ్చే కుర్రాళ్లున్నారు. 4కె 30 ఫ్రేములు మామూలు పద్ధతిలో తీస్తే నిమిషానికి 170 ఎంబీ దాకా పడుతుంది. అదే ప్రోరెస్‌లో నిమిషానికి 6 జీబీ దగ్గర పడుతుంది. 256 జీబీ ఫోన్ ముప్పావు గంట తిరక్కముందే నిండిపోతుందన్నమాట, అందుకే ఆ పని చేసేవాళ్లు బయట ఎస్‌ఎస్‌డీ అనే స్టోరేజ్ డ్రైవ్ తగిలించుకుని తీస్తారు, ప్రోలో 10 గిగాబిట్ యూఎస్‌బీ ఉన్నది అందుకే. 17లో యూఎస్‌బీ వేగం పాత 480 మెగాబిట్ దగ్గరే ఉంచారు, ఇది నాకు నచ్చని పిసినారితనం. భీమవరంలోనో పాలకొల్లులోనో పెళ్లిళ్లు కవర్ చేసి, రంగులు దిద్ది ఇచ్చేవాళ్లకి ప్రో ఒక పనిముట్టు, పెట్టిన డబ్బు పెళ్లిళ్ల సీజన్లో వచ్చేస్తుంది. ఇన్‌స్టాలో పెట్టడానికి తీసేవాళ్లకి ప్రోరెస్ దండగ, పైకి ఎక్కించగానే ఆ యాప్ దాన్ని నొక్కి చిన్నది చేసేస్తుంది. మీ వీడియోల్లో నాకు అనుమానం ఉన్నది బొమ్మ మీద కాదు, మాట మీద. గట్టు మీద గాలికి, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల హోరుకి ఏ ఫోన్ మైకూ నిలవదు. చొక్కాకి పెట్టుకునే వైర్‌లెస్ మైకు ఒకటి, దాని మీద తొడిగే బొచ్చు టోపీతో సహా కొనండి. చూసేవాళ్లకి మీ వీడియో మారినట్టు తెలిసేది దానితోనే.

సిగ్నల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ప్రో కొంటే తోటల్లో 5జీ బాగా వస్తుందనేది అపోహ. రెండింటిలోనూ సిగ్నల్ పట్టే మోడెమ్ ఒకే తరానిది, అందుకునే బ్యాండ్లూ (తరంగాల శ్రేణులు) అవే. కొబ్బరితోటల మధ్య ఇంట్లో సిగ్నల్ రాకపోతే అది టవర్ దూరం, బ్యాండ్ సంగతి. మన దగ్గర 700 మెగాహెర్ట్జ్ 5జీ జియో ఒక్కటే కొన్నది 2022 వేలంలో, అది గోడల్లోంచి కాస్త బాగా దూరుతుంది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ పెట్టుకోండి, ఆ ఒక్క స్విచ్‌తో చాలా గొడవ తీరుతుంది.

ఇప్పుడు ఆ షాపు కుర్రాడి "నెలకి రెండు వేలే". 52,000ని 24 నెలలకి భాగిస్తే నెలకి 2,166 రూపాయలు, లెక్క సరిగ్గానే చెప్పాడు. అయితే అది తేడా మాత్రమే, మొత్తం వాయిదా నెలకి 5,600 పైనే. నో కాస్ట్ ఈఎంఐ అన్నా బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి, పైగా చాలాచోట్ల రొక్కానికి ఇచ్చే డిస్కౌంట్ ఈఎంఐకి ఇవ్వరు. ఇవన్నీ కాగితం మీద రాయించుకుని చూడండి. అంతకంటే పెద్ద సంగతి మీకే బాగా తెలుసు. ఉద్యోగస్తుడికి ఒకటో తారీఖున జీతం పడుతుంది, మీకు డబ్బు వచ్చేది పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక. కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న దాన్ని బట్టి ఇచ్చే కౌంటు ధర పడిపోయిన నెలా ఉంటుంది, తెల్లమచ్చ వచ్చి అడ్డికి పావుశేరు పట్టుబడి చేసిన నెలా ఉంటుంది, వాయిదా మాత్రం ఆ నెలల్లోనూ వస్తుంది. దాళ్వా డబ్బు చేతికి వచ్చిన రైతులు కూడా మా దగ్గర వాయిదాల కంటే ఒకేసారి కట్టి తీసుకెళ్లడమే చూస్తాను, ఆ పద్ధతి నాకు ఇష్టం. కొనడానికి తొందర లేకపోతే ఆషాఢం, దసరా ఆఫర్ల దాకా ఆగండి, ఆ నెలల్లో ఆన్‌లైన్ ధర చూపిస్తే ఊళ్లో షాపులవాళ్లు కూడా దిగుతారు.

ఆ మిగిలిన యాభై రెండు వేలలో కొంత యాపిల్ అమ్మే రక్షణ ప్లాన్ యాపిల్‌కేర్ ప్లస్‌కి పెట్టమంటాను. నీళ్లు, పగుళ్లు కూడా దాని కిందికి వస్తాయి, ప్రతిసారీ కొంత ఫీజు కట్టాలి గాని డిస్‌ప్లే మొత్తం ఖరీదుతో పోలిస్తే అది చిన్నది. కొత్తలోనే తీసుకోవాలి, పగిలాక ఇవ్వరు. చెరువుల మధ్య తిరిగే మనిషికి జూమ్ లెన్స్ కంటే ఇది వందసార్లు పనికొస్తుంది. తీసుకునేముందు మీకు దగ్గర్లో ఉన్న అధీకృత సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉందో, అక్కడ రిపేరు వాళ్లే చేస్తారా, బయటికి పంపుతారా అని ఫోన్ చేసి అడగండి. ఫోన్ లేకుండా వారం రోజులు ఉండాల్సి వస్తే మీ ఏరేటర్ల ఆపరేటర్‌తో, మేత కంపెనీతో మాట్లాడేది ఎలాగో ముందే అనుకోవాలి.

ఇది చదివే ఆండ్రాయిడ్ వాళ్లకి కూడా కొంచెం. పేరులో ప్రో, అల్ట్రా ఉన్నంతమాత్రాన అన్ని కంపెనీల్లో ఒకటే అర్థం ఉండదు. సామ్‌సంగ్ ఎస్25కీ ఎస్25 అల్ట్రాకీ చిప్ ఒకటే, స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్, ర్యామ్ కూడా 12 జీబీయే. మామూలు ఎస్25లోనే 3 రెట్ల జూమ్ లెన్స్ ఉంది, కాకపోతే బ్యాటరీ 4000 ఎంఏహెచ్, అల్ట్రాలో 5000. చార్జింగ్ కూడా 25 వాట్లు, 45 వాట్లు తేడా. పొద్దున్న ఇల్లు వదిలి రాత్రికి చేరేవాళ్లకి ఆ బ్యాటరీ తేడా నిజమైన కారణమే. దానికి ముందు ఎస్24లో మన దేశంలో మామూలుదానికి ఎక్సినోస్ 2400, అల్ట్రాకి స్నాప్‌డ్రాగన్ ఇచ్చారు, అంటే అక్కడ చిప్పే వేరు. వన్‌ప్లస్‌లో 13, 13ఆర్ రెండిట్లోనూ బ్యాటరీ 6000, కాని నీటి రక్షణలో 13కి ఐపీ68, ఐపీ69, 13ఆర్‌కి ఐపీ65 మాత్రమే, అంటే చినుకులకీ జల్లుకీ సరే, మునిగితే లేదు. మీలాంటి వాళ్లకి ఈ జతలో నేను పెద్దదే కొనమంటాను, ఐఫోన్లో చిన్నది కొనమన్న నోటితోనే. పిక్సెల్ 10 మామూలు మోడల్లో కూడా 5 రెట్ల జూమ్ లెన్స్ పెట్టారు. జూమ్ ఒక్కటే కావాలి, ఐఫోనే ఉండాలన్న పట్టు లేదు అనుకునేవాళ్లు దాన్ని చూడండి, పిక్సెల్ సర్వీసు మన జిల్లాల్లో ఎక్కడ దొరుకుతుందో కనుక్కున్నాకే.

"పోనీ సెకండ్ హ్యాండ్‌లో 15 ప్రో తీసుకుంటే?" అని తర్వాతి ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. 120 హెర్ట్జ్ మామూలు మోడల్‌కి రానంత కాలం ఆ బేరానికి అర్థం ఉండేది. ఇప్పుడు 3 రెట్ల జూమ్ కోసం తప్ప దానిలో పెద్ద సారం లేదు, ముందుకి వచ్చే అప్‌డేట్లు రెండేళ్లు తక్కువ, బ్యాటరీ వాడేసినది, నీటి సీలు ఎవరు ఎన్నిసార్లు విప్పారో తెలీదు. అయినా కొంటానంటే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్‌కి వెళ్లండి. భాగాలేవైనా మార్చి ఉంటే పార్ట్స్ అండ్ సర్వీస్ హిస్టరీ అని అక్కడే కనపడుతుంది, డిస్‌ప్లే ఎదురుగా అన్‌నోన్ పార్ట్ అని ఉందంటే అది కాపీ డిస్‌ప్లే అనుకోండి, అమ్మేవాడు ఒరిజినల్ అని ఒట్టేసినా సరే. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ వేరుగా ఉండే గుర్తింపు నంబరు) తీసుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ అంకెలు రాసి 14422కి మెసేజ్ పెట్టండి. దొంగఫోన్‌గా బ్లాక్ అయ్యిందో లేదో తెలుస్తుంది. ఈ రెండు పరీక్షలకి ఒప్పుకోని మనిషి దగ్గర కొనకండి.

నాన్నగారికి 12 ఇవ్వడం మంచి ఆలోచనే. ఐఓఎస్ 26 దానికి వచ్చింది, వాట్సాప్, యూట్యూబ్, వీడియో కాల్ మాట్లాడుకోవడానికి ఆ ఫోన్‌కి ఇంకా ఓపిక ఉంది. ఇచ్చేముందు బ్యాటరీ మార్పించండి, ఊళ్లో చవకగా దొరికే కాపీ బ్యాటరీ వద్దు. మీ ఫోటోలు, వీడియోలు కొత్తదాంట్లోకి పూర్తిగా వచ్చాయని కళ్లారా చూసుకుని, ఓ వారం ఆగి, అప్పుడు పాతదాన్ని చెరిపేసి ఆయన సిమ్ వేయండి. అక్షరాలు పెద్దవి చేసి ఇవ్వండి. ఒక చిక్కుంది, 12కి లైట్నింగ్ పిన్ను, 17కి యూఎస్‌బీ-సీ, ఇంట్లో రెండు రకాల కేబుళ్లు పక్కపక్కన ఉంటే చీకట్లో బలవంతంగా దూర్చే ప్రమాదం ఉంది, ఆయన మంచం దగ్గర లైట్నింగ్‌ది ఒక్కటే ఉంచండి. కొత్త ఫోన్ బాక్సులో చార్జర్ రాదు, మీ పాత అడాప్టర్ మూతి యూఎస్‌బీ-సీ కాకపోతే కొత్తది కొనాలి, మంచి కంపెనీది కొనండి. మీవైపు కరెంటు పోయి వచ్చేటప్పుడు వోల్టేజి ఎగిరిపడటం నాకు తెలుసు, బస్టాండు దగ్గర అమ్మే నూట యాభై రూపాయల చార్జర్లతో టచ్ పిచ్చిపట్టినట్టు ఆడుతుందని వచ్చేవాళ్లు రోజూ ఉంటారు.

రంగు మీ ఇష్టం. 256 జీబీ చాలు, 64లో ఇన్నాళ్లు నెట్టుకొచ్చిన మనిషి 512కి డబ్బు పెట్టక్కర్లేదు. షాపులో సీలు మీ ముందే విప్పించండి, బాక్సు మీద ఐఎంఈఐ, ఫోన్లో చూపించేది, బిల్లులో రాసినది మూడూ ఒకటేనా చూసుకోండి, బిల్లు మీ పేరుతోనే తీసుకోండి. అక్కడ మళ్లీ ఎవరైనా ప్రో చూపిస్తే చేతిలోకి తీసుకుని చూడండి, తప్పేం లేదు. 17 బరువు 177 గ్రాములు, ప్రో 200 పైన ఉంటుంది, చొక్కా జేబులో పెట్టుకుని ఒకసారి వంగి చూడండి.